71 మార్కులకు మావాడికి బీ, ఇంకో అమ్మాయికి ఏ. గ్రేడింగ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి గట్టు | ఆదివారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. మా బాబు వేరే రాష్ట్రంలో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడే మూడో సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. భోగి తెల్లవారుజామున అందరం మంట దగ్గర చేరితే వాడు మాత్రం మేడ మీద గదిలోంచి కిందికి దిగలేదు. వెళ్లి చూస్తే ఫోన్ నా చేతికిచ్చి, "అమ్మా, డేటా స్ట్రక్చర్స్‌లో బీ వచ్చింది" అన్నాడు. మార్కులు చూస్తే 71.

ఆ మధ్యాహ్నమే మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. వాళ్లమ్మాయి హైదరాబాద్‌లో జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న కాలేజీలో చదువుతోంది. ఆ అమ్మాయికీ ఆ సబ్జెక్టులో 71 మార్కులే, కానీ మెమోలో ఏ గ్రేడ్. "మా దానికి ఏ, మీవాడికి బీ" అని మా వదిన మామూలుగానే అంది. వాడు ఆ పూట అన్నం దగ్గర తలెత్తలేదు.

నేను డిగ్రీ చదివిన రోజుల్లో మార్కులు, ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ తప్ప ఇంకేమీ లేవు. ఒకే మార్కుకు రెండు గ్రేడ్లు ఎలా వస్తాయి? రేపు ఉద్యోగాలప్పుడు మావాడికి ఇది నష్టమా? నెలన్నర నుంచి ఇదే మనసులో తిరుగుతోంది.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 10:05

అమ్మా, నేను 26 ఏళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట. అక్షరం వదిలేసి పాయింట్లు చూడండి. మెమోలో ప్రతి గ్రేడ్ పక్కన గ్రేడ్ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. మీ బాబు బీ పక్కన ఎంతుందో చూసి చెప్పండి.

యూజీసీ పదిపాయింట్ల పద్ధతిలో ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4. జేఎన్‌టీయూహెచ్ దాదాపు ఇదే తీసుకుంది, పీ మాత్రం లేదు. 90 దాటితే ఓ, 80 నుంచి 89 వరకు ఏ ప్లస్, 70 నుంచి 79 వరకు ఏ, ఇలా దిగుతుంది. కాబట్టి మీ ఆడపడుచు గారమ్మాయికి 71కి వచ్చింది ఏ, అంటే 8 పాయింట్లు.

ఐఐటీ మద్రాస్ వరస వేరు. అక్కడ పైనుంచి ఎస్ 10, ఏ 9, బీ 8, సీ 7, డీ 6, ఈ 4. బిట్స్ పిలానీలో ఏ 10, ఏ మైనస్ 9, బీ 8. అంటే బీ అనే అక్షరం ఈ రెండు చోట్లా 8, మన జేఎన్‌టీయూహెచ్‌లో 6. మీవాడి యూనివర్సిటీలో పై గ్రేడ్ ఎస్ అయితే వాడి బీ కూడా 8 అయ్యే అవకాశం చాలా ఉంది.

గోదారి గట్టు | ఆదివారం, ఉదయం 10:40

మాస్టారు గారూ, ఇప్పుడే మెమో తీసి చూశాను. పై గ్రేడ్ ఎస్ అనే ఉంది. బీ పక్కన 8 ఉంది! ఇన్నాళ్లూ ఆ అంకె కళ్ల ముందే ఉన్నా నేను చూడలేదు, వాడూ చూడలేదు. మరి 71కి బీ ఎలా ఇచ్చారు? వాళ్ల దగ్గర 70 దాటితే బీ అని రాసి ఉంటుందా?

హాస్టల్ 214 | ఆదివారం, ఉదయం 11:15

అక్కా, అలా రాసి ఉండదు. మీవాడిది రిలేటివ్ గ్రేడింగ్ అయ్యుంటుంది. నేనూ అలాంటి చోటే ఫైనలియర్ చదువుతున్నాను. క్లాసు మొత్తం సగటు బట్టి గ్రేడ్ ఇస్తారు. మీరు ఎంత రాశారన్నది ఒక్కటే చూడరు, పక్కవాళ్లు ఎంత రాశారన్నదీ చూస్తారు. నాకు పోయిన సెమిస్టర్లో ఒక ఎలక్టివ్‌లో 84 వచ్చింది. ఇచ్చింది సీ. ఎందుకంటే ఆ క్లాసులో 19 మందిమే ఉన్నాం, అందరూ బ్యాచ్ టాపర్లు, సగటు 88. జేఎన్‌టీయూహెచ్‌లో అయితే 84కి 9 పాయింట్లు. నాకు వచ్చినవి 7. దీన్ని న్యాయం అనమంటే నేను అనలేను.

లెక్కల మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

బాబూ, 19 మంది క్లాసులో ఈ పద్ధతి వాడటం నాకూ నచ్చదు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అనేవి మంది ఎక్కువున్నప్పుడే నమ్మకంగా పనిచేస్తాయి. చిన్న క్లాసులకు నేరుగా మార్కులను బట్టే గ్రేడ్ ఇవ్వాలని కొన్ని చోట్ల నిబంధనల్లోనే ఉంటుంది. మీ రెగ్యులేషన్స్‌లో ఉందో లేదో ఒకసారి చూడు.

అమ్మా, మీవాడిని వాళ్ల నిబంధనల్లో గ్రేడ్ కట్టే పద్ధతి ఎలా ఉందో, ఒక్కో సబ్జెక్టుకు క్లాసు సగటు ఎంతో అడిగి పెట్టండి. కూర్చుని లెక్క వేద్దాం.

గోదారి గట్టు | ఆదివారం, సాయంత్రం 5:50

ఫోన్ చేసి అడిగాను. మొదట విసుక్కున్నాడు, తర్వాత వాడే స్క్రీన్‌షాట్లు పంపాడు. నిబంధన ఇలా ఉంది: క్లాసు సగటు కంటే ఒకటిన్నర స్టాండర్డ్ డీవియేషన్ పైన ఉంటే ఎస్, సగం పైన ఉంటే ఏ, సగం కింద వరకు బీ, ఒకటి కింద వరకు సీ, ఒకటిన్నర కింద వరకు డీ, రెండు కింద వరకు ఈ.

మ్యాథ్స్ 4 క్రెడిట్లు, వాడికి 52, సగటు 61, డీవియేషన్ 14.
డేటా స్ట్రక్చర్స్ 4 క్రెడిట్లు, 71, సగటు 68, డీవియేషన్ 12.
డిజిటల్ ఎలక్ట్రానిక్స్ 3 క్రెడిట్లు, 83, సగటు 81, డీవియేషన్ 8.
ఇంగ్లిష్ 2 క్రెడిట్లు, 89, సగటు 86, డీవియేషన్ 4.
ల్యాబ్ 2 క్రెడిట్లు, 92. ల్యాబ్‌కు మాత్రం 90 దాటితే ఎస్ అట.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:10

డీవియేషన్ అంటే భయపడకండి. సగటు చుట్టూ మార్కులు ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె అది. డేటా స్ట్రక్చర్స్ చూడండి. సగటు 68, డీవియేషన్‌లో సగం 6. 74 దాటినవాళ్లకు ఏ, 62 నుంచి 74 లోపు వాళ్లకు బీ. మీవాడి 71 ఆ బీలో పడింది. 8 పాయింట్లు. మేనకోడలికి ఏ, అదీ 8 పాయింట్లే.

మ్యాథ్స్‌లో 52 సగటు కంటే తక్కువే. అయినా 47 నుంచి 54 లోపు సీ, కాబట్టి 7 పాయింట్లు వచ్చాయి. ఇవే 52 జేఎన్‌టీయూహెచ్ లెక్కలో అయితే బీ, 6 పాయింట్లు. పేపర్ కష్టంగా ఇచ్చారు, క్లాసంతా కిందికి జారింది, ఆ కష్టాన్ని గ్రేడింగ్ లెక్కలోకి తీసుకుంది. డిజిటల్‌లో దీనికి తలకిందులు. 83 అంటే మన దగ్గర ఏ ప్లస్, 9. మీవాడి క్లాసులో అందరూ బాగా రాశారు గనక 85 దాటినవాళ్లకే ఏ. ఇతనికి బీ, 8. ఇంగ్లిష్ రెండు చోట్లా 9, ల్యాబ్ రెండు చోట్లా 10.

ఇప్పుడు ప్రతి సబ్జెక్టు పాయింట్లను క్రెడిట్లతో, అంటే ఆ సబ్జెక్టుకు ఇచ్చిన బరువుతో, గుణించి, కలిపి, మొత్తం 15 క్రెడిట్లతో భాగించాలి. ఎస్‌జీపీఏ అంటే ఇదే. మీవాడి పద్ధతిలో 28, 32, 24, 18, 20 కలిపితే 122. భాగిస్తే 8.13. జేఎన్‌టీయూహెచ్ పద్ధతిలో 24, 32, 27, 18, 20 కలిపితే 121. భాగిస్తే 8.07.

భోగి రోజు అన్నం దగ్గర తలెత్తకుండా కూర్చున్నది ఈ తేడాకి. అదీ మీవాడివైపే కాస్త మొగ్గింది.

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 8:35

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి మాస్టారూ. ఇది యథాతథంగా వాడికి పంపిస్తున్నాను.

శాతవాహన | ఆదివారం, రాత్రి 9:45

మాస్టారు లెక్క బాగుంది. కానీ నాకు అసలు గ్రేడ్ల మీదే అభ్యంతరం. నా మెమోలో రెండు సబ్జెక్టుల్లో 79, 79. నా రూమ్మేట్‌కు 80, 80. నాకు రెండింటిలో ఏ, 8 పాయింట్లు. వాడికి ఏ ప్లస్, 9 పాయింట్లు. ఇద్దరి మధ్య తేడా మొత్తం రెండు మార్కులు. అదే 80 వచ్చినవాడికీ 89 వచ్చినవాడికీ ఒకే 9. తొమ్మిది మార్కుల తేడా కనపడకుండా పోతుంది, ఒక్క మార్కు తేడా కొండంత అవుతుంది.

మార్కులు వేస్తే ఈ గొడవే లేదు. తెలంగాణలో పదో తరగతికి 2025 నుంచి మళ్లీ మెమోలో మార్కులు వేస్తున్నారు. డిగ్రీకీ, బీటెక్‌కీ గ్రేడ్ పక్కన మార్కులు కూడా అచ్చు వేయాలి.

నల్లగొండ లెక్చరర్ | సోమవారం, ఉదయం 7:30

శాతవాహన గారి బాధ నిజమే. కానీ మార్కు అంటే తూకం రాయి లాంటిది అనుకుంటే పొరపాటు. నేను ఏటా పేపర్లు దిద్దుతాను. ఒకే జవాబుకు ఒకరు 6 వేస్తారు, ఇంకొకరు 7 వేస్తారు. ఇద్దరూ మనసుపెట్టి దిద్దినవాళ్లే. 79కీ 80కీ తేడా ఉందని దిద్దిన నేనే ఒట్టు వేసి చెప్పలేను. గ్రేడ్ తెచ్చింది ఈ చిన్న తేడాలను పట్టించుకోకుండా ఉండటానికే. గీత దగ్గర నిలబడ్డవాళ్లకు మాత్రం దెబ్బ తగులుతుంది, అది ఒప్పుకుంటాను.

అందుకే గీతకు ఒకటి రెండు మార్కుల దూరంలో ఉన్నవాళ్లకు రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ముఖ్యం. ఈ రెండూ ఒకటి కాదు. రీకౌంటింగ్‌లో మొత్తం సరిగా కూడారా, ఏ జవాబైనా దిద్దకుండా వదిలేశారా అని మాత్రమే చూస్తారు. రీవాల్యుయేషన్‌లో ఇంకొకరు మొదటి నుంచీ దిద్దుతారు.

ఒక సంగతి చెబుతాను. పోయినేడు ఒక కుర్రాడి బుక్‌లెట్ దిద్దుతున్నాను. మూడో ప్రశ్న ఏ భాగం ఐదో పేజీలో రాశాడు, బీ భాగం అక్కడ లేదు. సున్నా వేయబోయి చివరి పేజీలు తిప్పాను. ఐదో ప్రశ్న జవాబు అయిపోయాక, గీత కూడా గీయకుండా, మూడో ప్రశ్న బీ భాగం మొదలుపెట్టాడు. మార్జిన్‌లో నంబర్ లేదు. జవాబు చక్కగా ఉంది, ఐదు మార్కుల జవాబు. రోజుకు అన్నేసి పేపర్లు దిద్దే చెయ్యి, ఆ పేజీ తిప్పకపోతే అది పోయేది. ఇప్పుడు చాలా చోట్ల పేపర్లు స్కాన్ చేసి స్క్రీన్ మీద దిద్దిస్తున్నారు. అక్కడ వెనక్కీ ముందుకీ తిప్పడం ఇంకా తక్కువ. పిల్లలూ, ఒక ప్రశ్నకు సంబంధించిన భాగాలన్నీ ఒకచోట రాయండి. కుదరకపోతే మార్జిన్‌లో నంబర్ పెద్దగా వేసి, మొదటి భాగం కింద "మిగతాది ఫలానా పేజీలో" అని రాయండి.

ఇంకొకటి. జేఎన్‌టీయూహెచ్ ఆర్22లో, అంటే 2022 నిబంధనల్లో, ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. అంతకుముందు ఆర్18లో 25, 75. ఇప్పుడు ఇంటర్నల్స్‌లో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, మొత్తం మీద 40 రావాలి. మిడ్స్ తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి.

డల్లాస్ నాన్న | సోమవారం, ఉదయం 8:15

ఇక్కడ అమెరికాలో ఇంకో దారి ఉంది. చాలా యూనివర్సిటీల్లో కొన్ని కోర్సులను గ్రేడ్‌కు బదులు పాస్, ఫెయిల్ పద్ధతిలో తీసుకోవచ్చు. ఎంఐటీలో మొదటి సెమిస్టర్ పిల్లలందరికీ అదే పద్ధతి. పాస్ కాని కోర్సు బయటికిచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనపడదు. ఇంటి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు కుదురుకునే దాకా గ్రేడ్ల టెన్షన్ ఉండకూడదని ఆ ఏర్పాటు. బర్క్‌లీలో పాస్ కింద తీసుకుంటే సీ మైనస్ లేదా ఆపైన రావాలి. 2020లో కోవిడ్ వచ్చిన సెమిస్టర్లో అక్కడ అందరికీ అదే వర్తింపజేసి, గ్రేడ్ కావాలన్నవాళ్లు అడిగి తీసుకునేలా పెట్టారు.

కానీ దీన్లో ఒక చిక్కు ఉంది. మా పెద్దమ్మాయి రెండో ఏడాది కెమిస్ట్రీ కష్టంగా ఉందని పాస్ పద్ధతికి మార్చుకుంది. సలహాదారుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆన్‌లైన్‌లో ఒక బటన్ నొక్కింది, అంతే. తర్వాత మెడిసిన్‌కు అప్లై చేద్దామనుకుంటే, తను చూసుకున్న మెడికల్ కాలేజీలు కెమిస్ట్రీకి గ్రేడ్ ఉండాలన్నాయి. వేసవి మొత్తం పైస్థాయి కెమిస్ట్రీ కోర్సు చదివి గ్రేడ్ తెచ్చుకోవాల్సి వచ్చింది. తన మెయిన్ సబ్జెక్టులకు గానీ, తర్వాతి చదువుకు అవసరమయ్యే సబ్జెక్టులకు గానీ ఆ బటన్ నొక్కే ముందు పదిసార్లు ఆలోచించమని పిల్లలకు చెప్పండి. సంగీతం, చరిత్ర లాంటివి సరదాగా నేర్చుకుందామంటే మాత్రం అంతకన్నా మంచి దారి లేదు.

గోదారి గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:20

మీరంతా ఇంత ఓపిగ్గా చెబుతున్నారు కాబట్టి అసలు భయం కూడా చెబుతాను. ఈ సెమిస్టర్లో ప్రాబబిలిటీ కోర్సు ఉంది. మొదటి మిడ్‌లో 30కి 11 వచ్చాయి. దాన్ని విత్‌డ్రా చేసుకుంటానంటున్నాడు. శుక్రవారం ఆఖరి తేదీ. డబ్ల్యూ అని పడుతుందట. ఆ అక్షరం మెమోలో ఉంటే మచ్చలా కనపడదా?

లెక్కల మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:45

అమ్మా, మళ్లీ అదే మాట. ఆ డబ్ల్యూకు అక్కడ అర్థమేంటో నిబంధనల్లో చూడండి. బిట్స్‌లో డబ్ల్యూ అంటే విద్యార్థే కోర్సు వదులుకున్నాడని. ఐఐటీ మద్రాస్‌లో అదే అక్షరం హాజరు చాలక కోర్సు పోయిందని చెబుతుంది. ఒకటి తను ఎంచుకున్నది, ఇంకొకటి తన మీద పడ్డది.

మామూలుగా గడువులోపు వదులుకున్న కోర్సు జీపీఏ లెక్కలోకి రాదు. కానీ తప్పనిసరి కోర్సు అయితే తర్వాత ఎప్పుడో ఒకప్పుడు పూర్తి చేయాల్సిందే. కాబట్టి ఈ నాలుగు అడగండి. ఆ కోర్సు మళ్లీ ఎప్పుడు పెడతారు? ఏడాదికి ఒకసారే అయితే మూడో ఏడాది బరువు మీద ఇది కూడా పడుతుంది. మెషీన్ లెర్నింగ్ లాంటి తర్వాతి కోర్సు తీసుకోవడానికి ఇది ముందే అయిపోయి ఉండాలా? ఈ సెమిస్టర్లో ఉండాల్సిన కనీస క్రెడిట్లు తగ్గిపోతాయా? అన్నిటికన్నా ముందు, ఆ మిడ్‌లో క్లాసు సగటు ఎంత?

వరంగల్ వాసు | సోమవారం, రాత్రి 7:10

అమ్మా, ఉద్యోగాల సంగతి అడిగారు కదా. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలా వరకు రెండే చూస్తాయి. 60 శాతం దాటిందా, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా. ఫారంలో పర్సెంటేజ్ అడిగినప్పుడు మాత్రం పిల్లలు తప్పు చేస్తారు. కొందరు పదితో గుణిస్తారు, కొందరు 9.5తో గుణిస్తారు. ఆ 9.5 ఒకప్పటి సీబీఎస్ఈ పదో తరగతి లెక్క, బీటెక్‌ది కాదు. జేఎన్‌టీయూహెచ్‌లో సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపిన సగటు నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 6.5 ఉంటే 60 శాతం. దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ పట్టిక ప్రకారం చూస్తే 0.75 తీయాలి, అక్కడ 60 శాతానికి 6.75 కావాలి. మీవాడి యూనివర్సిటీ సూత్రం ఏదో దాన్నే వాడాలి, అది రాసి ఉన్న కాగితం కూడా దగ్గర పెట్టుకోవాలి. నేను ఒకసారి 9.5తో గుణించి నింపి, సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇంకా ఒకటి. జేఎన్‌టీయూహెచ్‌లో డిస్టింక్షన్ కావాలంటే మంచి సీజీపీఏ ఉంటే సరిపోదు, అన్ని సబ్జెక్టులూ మొదటిసారే పాసై ఉండాలి. సప్లీ రాసి ఎంత బాగా తెచ్చుకున్నా ఫస్ట్ క్లాస్ వరకే.

హాస్టల్ 214 | సోమవారం, రాత్రి 10:30

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట అంటాను. నిన్న మీరు వేసిన లెక్క పెద్ద క్లాసుకు కరెక్టే. కానీ లెక్కలోకి రానిది ఇంకొకటుంది. మా ఫస్టియర్‌లో రాత్రి రెండింటి వరకు ఒకే గదిలో ఎనిమిది మందిమి కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లం. రిలేటివ్ అంటే ఏమిటో అర్థమయ్యాక ఒక్కొక్కరే తలుపులు వేసుకున్నారు. పాత పేపర్లు దొరికినవాడు గ్రూపులో పెట్టడం మానేశాడు. నేనూ ఒకసారి పెట్టలేదు. నా పక్క గదివాడు ఆ సబ్జెక్టు పోగొట్టుకున్నాడు. అది ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

నల్లగొండ లెక్చరర్ | మంగళవారం, ఉదయం 6:50

తమ్ముడూ, ఇది రాసినందుకు సంతోషం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంత మార్కు దాటితే ఇంత గ్రేడ్ ఖాయం అని ముందే రాసిపెట్టి, పేపర్ మరీ కష్టమైనప్పుడు మాత్రం గీతను కిందికి దించాలి. పైకి ఎప్పుడూ జరపకూడదు. అప్పుడు పక్కవాడికి చెప్పినందుకు ఎవరికీ నష్టం ఉండదు. మా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో దీన్ని రెండుసార్లు పెట్టాను, ఇంకా ఒప్పుకోలేదు. ఈసారీ పెడతాను.

లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 9:00

214 బాబూ, నువ్వు చెప్పింది నా లెక్కలో లేదు. నిజమే. లెక్చరర్ గారి పద్ధతి నాకూ సమ్మతం. అందరూ బాగా రాసిన క్లాసుకు శిక్ష పడకూడదు.

శాతవాహన | మంగళవారం, ఉదయం 9:40

గీత కిందికే జరగాలి అన్నది బాగుంది. అయినా పక్కన మార్కు అచ్చు వేయండి అంటాను. నా 79 నాకు కనపడాలి, ఉద్యోగమిచ్చేవాళ్లకూ కనపడాలి.

గోదారి గట్టు | శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ చెప్పాలని కూర్చున్నాను. ప్రాబబిలిటీ మిడ్‌లో క్లాసు సగటు 12.4 అట. 260 మంది రాశారు. మావాడి 11 దానికి దగ్గర్లోనే ఉంది. ఆ కోర్సు మళ్లీ వచ్చే ఏడాది జనవరికి గానీ పెట్టరట, మూడో ఏడాది రెండు సబ్జెక్టులు దీని మీదే ఆధారపడ్డాయట. ఫ్యాకల్టీ అడ్వైజర్ దగ్గరికి వెళ్లమంటే మొదట మొహమాటపడ్డాడు. గురువారం వెళ్లాడు. ఆవిడ ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారట.

ప్రాబబిలిటీ ఉంచుకున్నాడు. మైనర్ డిగ్రీ కోసం అదనంగా తీసుకున్న ఎలక్టివ్‌ను వదిలేశాడు. అందులో 16 మందే ఉన్నారు, సగానికి పైగా నాలుగో ఏడాది పిల్లలు. 214 తమ్ముడు రాసింది చదివాకే దాని గురించి అడిగాను. డబ్ల్యూ అంటే అక్కడ తనే వదులుకున్నట్టు అని నిబంధనల్లో ఉంది, ఆ పేజీ కూడా సేవ్ చేసుకున్నాడు. వాసు గారు చెప్పిన పర్సెంటేజ్ సూత్రం ఎక్కడుందో మాత్రం ఇంకా దొరకలేదు, సోమవారం ఎగ్జామ్ సెక్షన్‌లో అడుగుతానన్నాడు.

వాళ్ల ఫ్లోర్‌లో ఐదుగురు కలిసి ఆదివారాలు ప్రాబబిలిటీ లెక్కలు చేసుకుంటున్నారట. గది మావాడిదే. ఉగాదికి వచ్చినప్పుడు పాత పేపర్ల జిరాక్స్ ఐదు సెట్లు తీయించి ఇవ్వమన్నాడు.